అప్పుల లెక్క తేల్చిన ఆర్థిక మంత్రి



కిందటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు, "మా పాపకి మ్యాథ్స్, సైన్స్ గట్టిగా చెప్పండి మేడమ్. సోషల్‌దేముంది, పరీక్ష ముందు రెండు రోజులు చదువుకుంటుంది" అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే. పాప పక్కనే నిలబడి నా వంక చూసింది. వెనకాల లైన్ పెద్దగా ఉండడంతో నేను నవ్వి ఊరుకున్నాను. ఆయనకు చెప్పాలనుకున్నది ఈ నెల ఇక్కడ రాస్తున్నాను.

పదో తరగతి ఎకనామిక్స్‌లో 'మనీ అండ్ క్రెడిట్' అని ఒక పాఠం ఉంది. పంట పోయిన రైతు పాత అప్పు తీర్చలేక కొత్త అప్పు చేసి, చివరికి పొలంలో కొంత అమ్ముకోవలసి వచ్చే సంగతి అందులో వస్తుంది. అప్పుల ఊబి అంటే అదే. ఆ పాఠం చెబుతుంటే ఒక అబ్బాయి లేచి, "దేశాలు కూడా ఇలాగే ఇరుక్కుంటాయా మేడమ్?" అని అడిగాడు. ఇరుక్కుంటాయి. అలా ఇరుక్కుని బయటపడిన దేశం ఒకటి చెబుతానని నైజీరియా మ్యాప్ తీశాను. అప్పటి ఆ దేశ ఆర్థిక మంత్రి పేరు బోర్డు మీద రాస్తే క్లాసంతా నాలుక తిప్పలేక నవ్వారు: ఎన్‌గోజీ ఒకోంజో-ఇవేలా. నేనూ ఇంట్లో నాలుగైదు సార్లు అనుకుని వచ్చాను లెండి.

ఆమె 1954లో నైజీరియాలోని ఒగ్వాషి-ఉకులో పుట్టారు. తల్లీ తండ్రీ ఇద్దరూ ప్రొఫెసర్లు. కానీ 1967 నుంచి 1970 దాకా సాగిన బయాఫ్రా యుద్ధం ఆ ఇంటినీ వదల్లేదు. రోజుకి ఒక్క పూట తిండి. ఆమెకు పదిహేనేళ్లప్పుడు మూడేళ్ల చెల్లెలికి మలేరియా వచ్చింది. తల్లికీ ఒంట్లో బాగాలేదు. చెల్లెల్ని వీపున కట్టుకుని పది కిలోమీటర్లు నడిచి డాక్టర్ దగ్గరికి వెళ్తే, అక్కడ తలుపు ముందు వందల మంది జనం. వాళ్ల కాళ్ల మధ్య నుంచి పాకి, కిటికీలోంచి లోపలికి దూకి సూది వేయించింది. చెల్లెలు బతికింది. ఈ సంగతి ఆమె తర్వాత తనే ఒక ప్రసంగంలో చెప్పారు. పేదరికం మీద మన పుస్తకాల్లో ఎన్ని పట్టికలున్నా, పిల్లలకు గుర్తుండేది ఆ కిటికీయే.

1976లో హార్వర్డ్‌లో ఎకనామిక్స్ డిగ్రీ, 1981లో ఎంఐటీలో డాక్టరేట్, ఆ తర్వాత ప్రపంచ బ్యాంకులో ఉద్యోగం. హాయిగా అక్కడే ఉండిపోవచ్చు. 2003లో నైజీరియా అధ్యక్షుడు ఒబసాంజో పిలిస్తే ఆర్థిక మంత్రిగా వెళ్లారు.

అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. నైజీరియాకి రాబడి ప్రధానంగా ముడి చమురు అమ్మకం మీదే. ధర పెరిగిన ఏడాది ప్రభుత్వం చేతికి ఎముక లేకుండా ఖర్చు పెట్టేది, పడిపోయిన ఏడాది అప్పు చేసేది. కట్టవలసినప్పుడు కట్టకపోవడంతో వడ్డీ మీద వడ్డీ, దాని మీద పెనాల్టీ చేరి, అప్పిచ్చిన దేశాల బృందమైన పారిస్ క్లబ్‌కి బాకీ సుమారు 30 బిలియన్ డాలర్లకు చేరింది.

ఆమె మొదట చేసింది చాలా చిన్న పని. బజారులో చమురు ధర ఎంతున్నా, బడ్జెట్ మాత్రం తక్కువ ధరకే వేశారు. 2004లో పీపాకి 25 డాలర్ల లెక్కన వేసి, ఆపైన వచ్చినదంతా వేరే ఖాతాలో దాచారు. మిర్చికి మంచి రేటు వచ్చిన ఏడాది, వచ్చే ఏడాదీ అదే రేటు ఉంటుందని ట్రాక్టర్ బుక్ చేయకుండా ఆగడం లాంటిది. చెప్పడం తేలిక. చుట్టూ ఉన్నవాళ్లంతా ఇప్పుడే పంచమని అడుగుతుంటే ఆగడం కష్టం.

ఆ దాచిన డబ్బే 2005లో పనికొచ్చింది. పారిస్ క్లబ్‌తో ఒప్పందం కుదిరింది: 18 బిలియన్లు మాఫీ, మిగతా 12 బిలియన్లు నైజీరియా కట్టాలి. మాఫీ ఎంత శాతమని క్లాసులో అడిగాను. అందరికంటే ముందు "60" అన్నది ఆ నాన్నగారి పాపే. వెంటనే ఇంకో అమ్మాయి, "అంత పేద దేశం 12 బిలియన్లు కట్టే బదులు బడులు కట్టొచ్చు కదా మేడమ్?" అంది. నైజీరియాలో అప్పట్లో చాలామంది వేసిన ప్రశ్న అదే. బెల్ కొట్టేదాకా క్లాసు రెండు జట్లుగా వాదించుకుంది, నేను ఆపలేదు. నా వరకు నేను కట్టడమే నయమనుకుంటాను, ఎందుకంటే కట్టకుండా వదిలేసిన ఏళ్లలో పెరిగింది బడులు కాదు, పెనాల్టీ.

ఆమె చేసిన ఇంకో పని నాకు వీటన్నిటికంటే ఇష్టం. కేంద్రం నుంచి ప్రతి రాష్ట్రానికీ, ప్రతి స్థానిక ప్రభుత్వానికీ నెలనెలా ఎంత వెళ్తోందో పత్రికల్లో అచ్చు వేయించారు. అంతవరకు డబ్బు రాలేదని చెప్పి తప్పించుకున్న నాయకుడిని, వచ్చింది కదా, ఏం చేశావని జనం అడగడానికి చేతిలో ఒక కాగితం దొరికింది. ఇలాంటి పనులకు శత్రువులు ఊరికే తయారవరు. ఆమె ఇంటిపేరులోని 'ఇవేలా'ని మార్చి 'వహాలా' అని పిలిచారు. వహాలా అంటే అక్కడి వాడుకలో తలనొప్పి అని.

2006లో ఆమెను విదేశాంగ శాఖకు మార్చారు. కొద్ది నెలలకే రాజీనామా చేశారు. 2011లో మళ్లీ ఆర్థిక మంత్రిగా వచ్చారు. ఈసారి అన్నీ సవ్యంగా జరగలేదు. 2012 జనవరిలో ప్రభుత్వం పెట్రోలు సబ్సిడీ ఎత్తేయడంతో లీటరు 65 నైరాల నుంచి ఒక్కసారిగా 140 దాటింది. దేశమంతా సమ్మె. చివరికి 97కి దించారు. లెక్క ప్రకారం సబ్సిడీలో దోపిడీ ఉన్నమాట నిజమే. కానీ ప్రభుత్వం నుంచి తమకు అందేది ఆ చౌక పెట్రోలు ఒక్కటేనని నమ్మిన జనం కోపం కూడా నిజమే. ఆమెను మెచ్చుకుంటూనే ఈ మాట కూడా పిల్లలకు చెప్పాను.

తర్వాత చమురు దిగుమతిదారుల సబ్సిడీ బిల్లులు తనిఖీ చేయించి, అనుమానం ఉన్నవాటికి చెల్లింపు ఆపారు. ఆ ఏడాది డిసెంబరులో ఎనభై దాటిన ఆమె తల్లిని సొంత ఇంటి నుంచే ఎత్తుకుపోయారు. కూతురు టీవీలో, రేడియోలో రాజీనామా ప్రకటించాలని అడిగారు. ఆమె చేయలేదు. ఐదు రోజులకు తల్లి క్షేమంగా తిరిగి వచ్చారు. ఇది చెప్పినప్పుడు మా క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ నుంచి, "తల్లికి ఏమైనా అయ్యుంటే?" అని వినిపించింది. నా దగ్గర జవాబు లేదు.

2021 మార్చి 1న ఆమె ప్రపంచ వాణిజ్య సంస్థ డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ, మొదటి ఆఫ్రికా వ్యక్తి. మీ పిల్లల జీకే పుస్తకంలో ఆమె గురించి ఉంటే ఈ ఒక్క లైనే ఉంటుంది.

ఇక ఈ నెల పని, మీకూ పిల్లలకూ కలిపి. వచ్చే నెల ఇంటి ఖర్చు మీ అబ్బాయి చేత, అమ్మాయి చేత రాయించండి. వచ్చే డబ్బు మీరు అనుకున్నదానికంటే పదో వంతు తక్కువ వస్తుందని వేసుకోమనండి. జీతం చెప్పడం ఇష్టం లేకపోతే పది వేలు అని ఊరికే ఒక అంకె ఇవ్వండి, చాలు. ఏ ఖర్చు తగ్గించారో, ఎందుకు తగ్గించారో రెండు వాక్యాలు వాళ్లనే రాయనివ్వండి. స్కూలు ఫీజు తగ్గించారని ఎవరైనా రాస్తే దిద్దకండి, అలాగే పంపండి. మార్కులు లేవు. సోషల్ నోట్‌బుక్‌లో చివరి పేజీ చాలు.