సంచార గృహానికి రెండవ బ్యాటరీ

ఉద్దేశం: చేతిపనికి శాస్త్రజ్ఞానం, క్రమశిక్షణ ఎంత అవసరమో విద్యార్థులకు తెలియజేయడం.

ఇంగ్లండులో యాత్రాప్రియులు పలువురు పాత సరుకుల వ్యాన్లను కొని, వాటిలో మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్ అమర్చుకొని సంచార గృహాలుగా మలచుకొంటారు. వాటిని క్యాంపర్ వ్యాన్లంటారు. ఈ పనిని సొంత చేతులతో చేసుకోవడం వారికి ఒక వేడుక. అయితే వడ్రంగంలో పొరపాటు జరిగితే చెక్క మాత్రమే పాడవుతుంది. విద్యుత్తు అమరికలో పొరపాటు జరిగితే నిద్రించే చోటికే నిప్పు అంటుకొంటుంది.

వాహనంలో మొదటినుండి ఉండే బ్యాటరీ ఇంజన్‌ను స్టార్టు చేయడానికి ఉద్దేశించినది. అది కొద్ది క్షణాలపాటు వందల ఆంపియర్ల విద్యుత్తునిచ్చి, ఇంజన్ నడిపే ఆల్టర్నేటర్ ద్వారా మళ్ళీ నిండుతుంది. రాత్రంతా దీపాలకు, ఫ్రిజ్‌కు దానినే వాడితే తెల్లవారేసరికి బండి కదలదు. అందుచేత గృహావసరాలకు లీజర్ బ్యాటరీ అనే రెండవదానిని అమరుస్తారు. తెలుగునాట ఇళ్ళలో ఇన్వర్టర్‌కు వాడే బ్యాటరీ వలె ఇది కొద్దికొద్దిగా, చాలాసేపు విద్యుత్తునిస్తుంది. 1859లో గాస్టన్ ప్లాంటే రూపొందించిన సీసపు పలకల బ్యాటరీయే ఈ రకాలన్నింటికీ మూలం.

పనికి ముందు లెక్క కావాలి. 4 ఆంపియర్లు తీసుకొనే ఫ్రిజ్ రోజుకు మొత్తం 8 గంటలు నడిస్తే 32 ఆంపియర్-గంటలు, దీపాలకు మరో 4, వెరసి 36 ఖర్చవుతాయి. సీసపు బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయువు తగ్గుతుంది. కనుక 100 ఆంపియర్-గంటల బ్యాటరీలో వాడదగినది 50 మాత్రమే. అది ఒక దినానికి చాలుతుంది.

ఇంజన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీలూ కలవాలి, ఆగినప్పుడు విడిపోవాలి. పాత వాహనాలలో ఈ పనిని రిలే చేసేది. వోల్టేజి సుమారు 13.3 దాటితే కలిపి, 12.8కి తగ్గితే విడదీసేది. 2014-15 ప్రాంతంలో యూరప్‌లో యూరో-6 ఉద్గార నిబంధనలు అమలైన తరువాత వచ్చిన అనేక వాహనాలలో, ఇంధనం ఆదా కోసం ఆల్టర్నేటరే తన వోల్టేజిని తగ్గించుకొంటుంది. అప్పుడు రిలే మధ్యదారిలోనే విడిపోతుంది. అట్టి వాహనాలకు డీసీ-డీసీ చార్జర్ శరణ్యం. అది తక్కువ వోల్టేజిని గ్రహించి, బ్యాటరీకి తగిన స్థాయికి పెంచి అందిస్తుంది. 20 ఆంపియర్ల చార్జర్‌తో ముందు చెప్పిన 36 ఆంపియర్-గంటలు తిరిగి నిండడానికి రెండు గంటలకు పైగా ప్రయాణం కావాలి. చివరి భాగంలో సీసపు బ్యాటరీ విద్యుత్తును మెల్లగా గ్రహించడమే ఇందుకు కారణం. లిథియం బ్యాటరీ వేగంగా నిండుతుంది. కాని గడ్డకట్టే చలిలో దానిని చార్జి చేయరాదు.

తీగ మందం మరొక ముఖ్యాంశం. 5 మీటర్ల పొడవున్న 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 20 ఆంపియర్లు ప్రవహిస్తే సుమారు 0.7 వోల్టు దారిలోనే వ్యర్థమవుతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల తీగలో నష్టం 0.2 కంటె తక్కువ. పన్నెండు వోల్టులే కదా అని అలసత్వం తగదు. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలి. ఆ వోల్టేజి మనిషికి షాక్ కొట్టకపోవచ్చు. కాని ధన తీగ ఒరిసి వాహనపు లోహానికి తగిలితే వందల ఆంపియర్లు ప్రవహించి తీగను ఎర్రగా కాలుస్తాయి. ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా తీగను. తీగకు ఇరువైపులా బ్యాటరీలున్నందున, రెండింటి దగ్గరా ధన ధ్రువానికి అతి సమీపంలో తీగ సామర్థ్యానికి తగిన ఫ్యూజులు ఉండాలి. తీగ ఇనుప రేకును దాటే ప్రతి రంధ్రానికీ రబ్బరు తొడుగు ఉండాలి.

పనిలో క్రమం తప్పరాదు. ఉంగరాలు, చేతి గడియారం ముందే తీసివేయాలి. మొదట బ్యాటరీ రుణ ధ్రువాన్ని విప్పాలి; చివర దానినే బిగించాలి. అలా చేస్తే ధన ధ్రువం వద్ద స్పానర్ జారి లోహానికి తగిలినా నిప్పురవ్వలు రావు. బ్యాటరీని కుదుపులకు కదలకుండా కట్టాలి. చార్జి అయ్యేటప్పుడు సీసపు బ్యాటరీనుండి వెలువడే హైడ్రోజన్ బయటికి పోయే మార్గం ఉంచాలి.

చివరిది పరీక్ష. ఇంజన్ నడుస్తుండగా లీజర్ బ్యాటరీ వద్ద మల్టీమీటర్ సుమారు 14 వోల్టులు చూపాలి. ఇంజన్ ఆపితే రెండు బ్యాటరీల మధ్య ప్రవాహం ఆగాలి. పని పూర్తయినదనడానికి వెలిగిన దీపం మాత్రమే నిదర్శనం కాదు. రాత్రంతా దీపం వెలిగిన తరువాత కూడా ఉదయం ఇంజన్ స్టార్టు కావడమే అసలైన నిదర్శనం.

ప్రశ్నలు

1. సంచార గృహానికి రెండు బ్యాటరీలు ఎందుకు అవసరం?
2. రిలేకు, డీసీ-డీసీ చార్జర్‌కు గల భేదాన్ని వివరించండి.
3. "ఫ్యూజు కాపాడేది ముఖ్యంగా తీగను" - ఈ వాక్యాన్ని సమర్థించండి.