తెలుగు తీరంలో చైనా పెంకులు: చదివేవాళ్లు కావాలి

నెల్లూరు సముద్ర తీరంలో కొత్తపట్నం అనే పాత రేవు ఉంది. అక్కడ బయటపడిన పింగాణీ పెంకుల్లో చాలావాటిని మన కుమ్మరులు చేయలేదు. అవి మధ్యయుగంలో చైనా నుంచి ఓడల మీద వచ్చిన గిన్నెల ముక్కలు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి.రావు ఈ రేవును పరిశీలించి, తూర్పు దేశాలతో వర్తకం నడిపిన దక్షిణ భారత ఓడరేవుగా దాన్ని పరిశోధన లోకానికి పరిచయం చేశారు. జపాన్ చరిత్రకారుడు నొబొరు కరషిమా అయితే చైనా పెంకుల జాడ కోసం దక్షిణ భారతం, శ్రీలంక తీరాలను గాలించే పెద్ద పరిశోధననే నడిపారు. దాని ఫలితాలు 2004లో పుస్తకంగా వచ్చాయి.

చంద్రగిరిలో డిగ్రీ చదువుతూ ప్రాచీన చైనా మీద మనసు పడిన విద్యార్థికి ఇది మంచి కబురు. మొదటి పాఠం కోసం బీజింగ్ వెళ్లనక్కర్లేదు, పొద్దున బస్సెక్కితే చేరగలిగిన తీరంలోనే ఉంది.

పురావస్తు తవ్వకాల ఉద్యోగంలో పని ఎలా ఉంటుందో తెలియాలంటే జెంగ్ జెన్‌షియాంగ్ అనే చైనా పురావస్తు శాస్త్రవేత్త జీవితం చూడాలి. ఆమె దశాబ్దాల పాటు అన్యాంగ్‌లో పనిచేశారు. మూడు వేల ఏళ్ల కిందటి షాంగ్ రాజుల రాజధాని అది. 1976లో ఆమె బృందం ఒకచోట నేలను పరీక్షిస్తోంది. అందుకు వాడింది లోయాంగ్ పార. పొడవాటి కర్రకు అర్ధచంద్రాకారపు ఇనుప అలుగు ఉంటుంది. దాన్ని నేలలోకి దించి పైకి లాగితే లోపలి మట్టి పొరలు పొరలుగానే బయటికి వస్తుంది. మనుషులు ఒకసారి తవ్వి పూడ్చిన మట్టికీ, ఎవరూ తాకని మట్టికీ తేడా ఆ ముద్దలోనే తెలిసిపోతుంది. ఆ రోజు పారకు ఎర్ర లక్క పూత ముక్కలు అంటుకుని వచ్చాయి. కింద, ఏడు మీటర్లకు పైగా లోతున, ఫూ హావ్ రాణి సమాధి ఉంది. దొంగల చెయ్యి పడలేదు. 1,900కు పైగా వస్తువులు, అవి కాక ఆరు వేలకు పైగా గవ్వలు దొరికాయి. కంచు పాత్రల మీద పోతపోసిన ఆమె పేరు, అప్పటికే చదివిన, ఎముకల మీద చెక్కిన శాసనాల్లోనూ ఉంది. ఆమె వు దింగ్ రాజు భార్య, సేనలను నడిపిన యోధురాలు కూడా.

ఆ విజయం వెనుక మూడు చదువులున్నాయి: మట్టిని చదవడం, వస్తువును చదవడం, లిపిని చదవడం. మన విశ్వవిద్యాలయాల్లో మొదటి రెండింటికీ గట్టి పునాది దొరుకుతుంది. చైనా రంగంలోకి వెళ్లాలనుకునే తెలుగు విద్యార్థి తడబడేది మూడోదాని దగ్గరే.

మట్టి చదువుకు చంద్రగిరి చుట్టుపక్కలే బడి ఉంది. ఏర్పేడు మండలం గుడిమల్లంలో పరశురామేశ్వరాలయం గర్భగుడిని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ తరఫున ఇంగువ కార్తికేయ శర్మ 1973-74లో తవ్వారు. లింగం చుట్టూ రాతి కంచె, ఇప్పటి గుడికంటే పాతదైన గజపృష్ఠాకార ఇటుక గుడి ఆనవాళ్లు బయటపడ్డాయి. అంతకుముందు ఆ లింగం కాలాన్ని శిల్పం తీరు చూసి మాత్రమే అంచనా కట్టేవారు. తవ్వాక ఇటుకలు, పెంకులు కూడా సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టాయి. పురావస్తు శాస్త్రం చేసే పని ఇదే. రేణిగుంట ప్రాంతపు రాతియుగ పనిముట్ల మీద ఎం.ఎల్.కె. మూర్తి 1970లో ప్రచురించిన పరిశోధన ఈ నేల చరిత్రను వేల ఏళ్లు వెనక్కి జరిపింది. లిపి చదువుకూ ఇక్కడే నమూనా ఉంది: తిరుమల శాసనాలను సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి లాంటి పండితులు చదివి, 1930ల్లో దేవస్థానం సంపుటాలుగా తెచ్చారు. ఇక చంద్రగిరి రాజమహల్ అంటే కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మూడంతస్తుల మేడ. అందులోని మ్యూజియంలో గుడిమల్లం, గండికోట, యాగంటి నుంచి తెచ్చిన శిల్పాలున్నాయి. సెలవు రోజున సెల్ఫీకి పోయినవాళ్లు మరోసారి నోట్‌బుక్కు పట్టుకుని పోవాలి. ఒక్క శిల్పం ముందు గంటసేపు నిలబడి బొమ్మ గీస్తే చాలు, అది ఈ వృత్తిలో మొదటి అభ్యాసం.

వస్తువును చదవడం ఎలాగో పెంకుతోనే చూడొచ్చు. తవ్వకం దగ్గర పెంకుల ముంగిలి ఉంటుంది. ఏ పొరలో దొరికిన పెంకులు ఆ పొర వరుసలో, కడిగి ఆరబెట్టి ఉంటాయి. మన ఎర్ర మట్టి పెంకును విరిస్తే లోపల గరుకుగా, ఇసుక రేణువులతో కనిపిస్తుంది. చైనా పెంకు విరిగిన అంచు సన్నగా, గట్టిగా, తెల్లగానో బూడిద రంగుగానో ఉంటుంది. పైన లేత పచ్చ గాజు పూత ఉంటే అది సెలడాన్ కావచ్చు, జెజియాంగ్ ప్రాంతపు లుంగ్‌చువాన్ బట్టీల సరుకై ఉండొచ్చు. తెల్లని మీద నీలి రంగు గీతలుంటే జియాంగ్‌షీలోని జింగ్‌దెజెన్ గుర్తుకు రావాలి. గిన్నె అడుగు భాగం తిరగేసి చూడాలి. పూత ఎక్కడ ఆగింది, అడుగు వలయాన్ని ఎలా చెక్కారు, కాల్చేటప్పుడు ఇసుక అంటుకుందా లేదా? చాలాసార్లు కాలం చెప్పేది అడుగే. ఇవన్నీ పుస్తకం చూసి నేర్చుకునేవి కావు, వందల పెంకులు చేతిలోకి తీసుకున్నాకే పట్టుబడతాయి.

మన తీరానికీ చైనాకూ ఉన్న సంబంధం పెంకులతో ఆగదు. నాగార్జునకొండలో వీరపురుషదత్తుడి కాలపు బోధిసిరి శాసనం, బౌద్ధ భిక్షువులు ధర్మాన్ని చేర్చిన దేశాల వరుసలో కశ్మీరం, గాంధారాలతోపాటు చీనాను పేర్కొంది. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ధాన్యకటకానికి వచ్చి కొన్నాళ్లు ఉండి చదువుకున్నాడు. చినగంజాం దగ్గరి మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఓడ వర్తకులకు రక్షణ ఇచ్చింది. సుంకాల పట్టీలో చైనా కర్పూరం కూడా ఉంది. ఓడ బద్దలై సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం సుంకం తప్ప ఏదీ తీసుకోననీ గణపతిదేవుడు అందులో రాయించాడు. ఈ శాసనాలను తెలుగు, సంస్కృతం, ప్రాకృతం తెలిసినవాళ్లు చదివారు. అదే కథను చైనా మూలాల్లోంచి నేరుగా చదివిన తెలుగు పురావస్తు పరిశోధకులు మాత్రం అరుదు. ఖాళీ ఉన్నది ఇక్కడే.

దారి విషయానికొస్తే, తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రానికి ప్రత్యేక విభాగం ఉంది. పీజీ స్థాయిలో పుణె డెక్కన్ కాలేజీ, బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం దేశంలో పేరున్నవి. తర్వాతి మెట్టు గ్రేటర్ నోయిడాలోని పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ పురావస్తు సంస్థ ఇచ్చే రెండేళ్ల పీజీ డిప్లొమా. సర్వేక్షణ శాఖే నడిపే ఈ కోర్సులో స్టైపెండ్ ఉంటుంది. సీట్లు చాలా తక్కువ, ప్రవేశ పరీక్ష గట్టిది. మన పిల్లలు చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. 2020లో ఈ కోర్సు అర్హతల్లో తెలుగుతో సహా ప్రాచీన హోదా ఉన్న భాషల ఎంఏలను చేర్చారు. ఎంఏ తెలుగు చదివి శాసనాల మీద ఆసక్తి ఉన్నవాళ్లకూ ఈ తలుపు తెరిచే ఉంది. ఏటా వయసు, మార్కుల నిబంధనలు మాత్రం నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

చైనా భాషకు ఢిల్లీ జేఎన్‌యూ, శాంతినికేతన్ విశ్వభారతి రెండూ నమ్మదగినవి. విశ్వభారతిలోని చీనా భవన్ 1937 నుంచి నడుస్తోంది. యూజీసీ నెట్‌లో పురావస్తు శాస్త్రం ఒక సబ్జెక్టు, చైనీస్ మరొక సబ్జెక్టు. జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. ఆ డబ్బుతో ఇంటి మీద ఆధారపడకుండా పీహెచ్‌డీ మొదలుపెట్టొచ్చు. చైనాలోనే చదవాలంటే పెకింగ్ విశ్వవిద్యాలయంలో 1952 నుంచి పురావస్తు శాస్త్రం బోధిస్తున్నారు. అక్కడ విదేశీయులు సొంతంగా తవ్వడానికి వీల్లేదు, చైనా సంస్థతో కలిసి ప్రభుత్వ అనుమతితోనే పనిచేయాలి. కాబట్టి భాష రాకుండా వెళ్తే దుబాసీ మీద ఆధారపడి, తవ్వకం మధ్యలో చూపరిగా మిగిలిపోవాల్సి వస్తుంది. ఆధునిక చైనీస్‌తో సరిపోదు, పాత గ్రంథాల భాష విడిగా నేర్చుకోవాలి. అయిదారేళ్ల కృషి అని ముందే లెక్కేసుకోవడం మంచిది.

సైన్స్ విద్యార్థులు ఈ రంగం తమది కాదనుకోవడం పొరపాటు. సిచువాన్‌లోని సాన్‌షింగ్‌దుయిలో 1986లో బయటపడ్డ రెండు గుంతలు కంచు ముఖాలతో లోకాన్ని ఆశ్చర్యపరిచాయి. తర్వాత కనుగొన్న గుంతలను గాజు గదులు కట్టి, రక్షణ దుస్తులు తొడుక్కుని తవ్వారు. మట్టిలో పట్టు ఆనవాళ్లను ప్రయోగశాలలో పట్టుకున్నారు. లోహం, మట్టి, ఎముక, గింజ, ప్రతిదానికీ ప్రత్యేక నిపుణులు కావాలి. రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం, వృక్ష శాస్త్రం చదివినవాళ్లకు ఇక్కడ చోటుంది.

ఉద్యోగాల సంగతి దాచిపెట్టి ప్రయోజనం లేదు. సర్వేక్షణ శాఖలో అధికారుల నియామకాలు యూపీఎస్సీ ద్వారా జరుగుతాయి, ఏటా రావు. విశ్వవిద్యాలయ పోస్టులు తక్కువ. మ్యూజియాలు, ఇన్‌టాక్ లాంటి వారసత్వ సంస్థలు, పరిశోధన ప్రాజెక్టులు కొంత ఆసరా. త్వరగా స్థిరపడాల్సిన ఇంట్లో పుట్టిన పిల్లలు నెట్ అర్హత, బీఈడీ లాంటి రెండో దారిని పక్కన ఉంచుకునే ఇందులోకి రావాలి. పని కూడా తేలిక కాదు. వానలు తగ్గాక గుడారాల్లో నెలల తరబడి తవ్వకం, తర్వాత ఏళ్లపాటు నివేదిక రాత. తవ్వి నివేదిక రాయకపోతే ఆ స్థలం శాశ్వతంగా నష్టపోయినట్టే, ఎందుకంటే ఒకసారి తవ్విన పొర మళ్లీ రాదు.

కోట దగ్గరో, చెరువు గట్టునో పాత పెంకు, నాణెం, శాసనం ముక్క కనిపిస్తే ఇంటికి తేకూడదు. అనుమతి లేకుండా రక్షిత స్థలాల్లో తవ్వడం, ప్రాచీన కట్టడాల రక్షణకు 1958లో చేసిన చట్టం ప్రకారం నేరం. ఫోటో తీసి, చోటు రాసుకుని, తహసీల్దారుకో చంద్రగిరి మ్యూజియం కార్యాలయానికో చెప్పాలి.

డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు చైనా లిపిని ఇప్పుడే మొదలుపెట్టాలి. రోజుకు అయిదు అక్షరాల చొప్పున సాధన చేస్తే పీజీ ప్రవేశ పరీక్షల నాటికి కనీసం ఒక వెయ్యి అక్షరాలు చేతికొస్తాయి.