నిమ్మగడ్డి తైలము: అందలి సిట్రాల్

ఉప్పల్, నాచారముల పొలములు నేడు చాలవరకు ఇండ్లును కార్ఖానాలును అయిపోయినవి గాని, ఉప్పల్ చెంతనున్న బోడుప్పలునందు సిమాప్ అను కేంద్రీయ ఔషధ సుగంధ మొక్కల సంస్థవారి పరిశోధనా కేంద్రము గలదు. గడ్డి వేయదలచిన సభ్యులు ముందుగా అచ్చట విచారించుట మేలు.

తూకమొక్కటే ధర తెచ్చునని మనవారు తలంతురు. కొనువాడు అడుగునది సిట్రాల్ ఎంత యని. మంచి నిమ్మగడ్డి తైలమున నూటికి 75 మొదలు 85 పాళ్లు సిట్రాలే యుండును. ఇది జిరానియల్, నెరాల్ అను రెండు పదార్థముల కలయిక. రెంటియందును కర్బన పరమాణువులు 10, ఉదజనివి 16, ఆమ్లజనిది 1. అమరిక మాత్రమే వేరు.

పామరోజా గడ్డికి జిరానియోల్ ప్రాణము. ఆ గులాబి వాసన దానిదే. ఇందు మోతియా, సోఫియా యని రెండు రకములు. చూపునకు ఒక్కటే యైనను సోఫియా తైలమున జిరానియోల్ తక్కువ. విత్తనపు మోసము తైలము దించిననాడు గాని బయటపడదు సుమా!

సిట్రాల్ గాలికి, వెలుతురునకు ఓర్వదు. ఆమ్లజనితో కలిసి చెడును. కావున తైలమును నీటిచుక్క లేకుండ వడగట్టి, అల్యూమినియము డబ్బాలలో మూతివరకు నింపి, చల్లని చీకటి గదిలో నుంచవలెను. త్రుప్పుపట్టిన ఇనుపడబ్బాలో పోసి, రంగు చెడి, సగము ధరకు అమ్ముకొన్నవారిని ఎరుగుదును.

కిరసనాయిలు కల్తీ తెలియుటకు, ఒక పాలు తైలమున నూటికి 70 పాళ్ల ఆల్కహాలును మూడు పాళ్లు పోసి కదల్పుడు. మన దేశపు రకము తాజా తైలము కరగును. కిరసనాయిలు పైకి తేలును. పడమటి ఇండీసు రకము శుద్ధమైనను పూర్తిగా కరగదు. పాతబడిన తైలమును అంతే. కావున తొందరపడి ఎవ్వరిని దొంగ యనరాదు. నమూనా సీసాను పరీక్షకు పంపి, సిట్రాల్ పాళ్లు వ్రాసిన కాగితముతో బేరమునకు కూర్చుండుడు.