తొమ్మిది గేర్ల డెరైలర్ ఏడు గేర్ల సైకిల్‌కు సరిపోతుందా?

ప్రశ్న: నా సైకిల్‌కు వెనక 7 గేర్లు, అన్నీ షిమానోవే. వెనక డెరైలర్ వంగిపోయింది. స్నేహితుడు తన పాత 9 స్పీడ్ షిమానో డెరైలర్ ఇస్తానంటున్నాడు. బిగించుకోవచ్చా? షిఫ్టర్, చైన్ కూడా మార్చాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నిక్షేపంగా బిగించుకోండి. ఒక్కో క్లిక్‌కు ఎంత కేబుల్ లాగాలో తేల్చేది షిఫ్టర్. డెరైలర్‌కు గేర్ల లెక్క తెలియదు. షిమానో 7, 8, 9 స్పీడ్ డెరైలర్లు అదే కేబుల్‌కు అంతే దూరం జరుగుతాయి. కాబట్టి షిఫ్టర్ జోలికి వెళ్లొద్దు. అదే 10 స్పీడ్ మౌంటెన్ బైక్ డెరైలరైతే లెక్క మారిపోతుంది, ఊరికే ఇచ్చినా వద్దనండి. శ్రామ్ డెరైలర్లూ సాధారణంగా మీ షిఫ్టర్‌తో కుదరవు.

బిగించే ముందు వెనక చక్రం ఇరుసు దగ్గర చూడండి. చౌక సైకిళ్లలో డెరైలర్‌ను ఇరుసు నట్టు కింద ఒక రేకు పట్టుకుని ఉంటుంది. మీదీ అలాంటిదే అయి, స్నేహితుడి డెరైలర్ నేరుగా బోల్టుతో బిగించే రకమైతే, ఆ రేకు విడిగా కొనాలి. ఫ్రేముకే డెరైలర్ బిగించే హ్యాంగర్ ఉంటే, డెరైలర్‌ను వంచిన దెబ్బకు అదీ వంగిందేమో చూడండి. వంగిన హ్యాంగర్‌పై ఎంత మంచి డెరైలర్ పెట్టినా గేర్లు కుదురుగా పడవు.

చైన్ సాగకపోతే అదే ఉంచండి. 0.75 శాతం సాగితే మార్చాలి. 8 స్పీడ్ చైన్ చాలు.

డెరైలర్ ఎంతవరకు కదలాలో హద్దు పెట్టే ‘హెచ్’, ‘ఎల్’ స్క్రూలు సరిచేయకుండా మాత్రం రోడ్డెక్కకండి. ‘ఎల్’ వదులైతే డెరైలర్ నేరుగా చువ్వల్లోకి పోతుంది.