సెడాన్ కారు ఖర్చులో పెట్రోలు పావలా వంతే

(మా వాణిజ్య విలేఖరి)

మార్కాపురం: కొత్త కారు తీసుకున్న వర్తకుడు బజారులో ఎదురైతే అందరూ అడిగే మొదటి ప్రశ్న "లీటరుకు ఎంత ఇస్తోంది?" అన్నదే. ధర ఎంత అన్నది రెండో ప్రశ్న. ఐదేళ్ల తర్వాత ఎంతకు పోతుందని అడిగినవారిని ఈ విలేఖరి ఇంతవరకు చూడలేదు. క్వింటాలు కందుల మీద ఇరవై రూపాయల తేడాకు అరగంట బేరమాడే మనవారు, పదిహేను లక్షల సరుకు దగ్గరకు వచ్చేసరికి చిన్న పద్దు చూసి పెద్ద పద్దు వదిలేస్తున్నారు. అందుచేత ఈ వారం మిర్చి, అపరాల ధరవరల పక్కనే కారు ధరవర కూడా చూద్దాం.

ఒకప్పుడు ఈ ఎంపికలో చిక్కు లేదు. అంబాసిడర్, కాకుంటే ఫియట్. ఇప్పుడు నాలుగున్నర మీటర్ల పొడవుండే మధ్యతరహా సెడాన్లలో హోండా సిటీ, హ్యుండయ్ వెర్నా, స్కోడా స్లావియా, వోక్స్‌వాగన్ వర్టస్ ముఖ్యమైనవి. 2014లో వచ్చిన మారుతి సియాజ్ తయారీ 2025లో నిలిచిపోయింది. దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో వెతుక్కోవలసిందే. డీజిలు మీద మోజున్నవారికి ఈ తరగతిలో కొత్త బండి లేదు. 2023లో కాలుష్య నిబంధనలు బిగియడంతో సిటీ, వెర్నాల డీజిలు రకాలు కూడా పోయాయి.

ఇక పద్దు రాద్దాం. అంకెలు నమూనా కోసమే. ఎవరి కొటేషను ప్రకారం వారు మార్చుకోవచ్చు. సెడాన్ అన్నీ కలిపి రోడ్డు మీదకు వచ్చేసరికి 15 లక్షలు. ఏడాదికి 15,000 కిలోమీటర్ల తిరుగుడు. ఐదేళ్ల తర్వాత 7 లక్షలకు అమ్మకం. పోయిన 8 లక్షలను ఐదేళ్లకు పంచితే తరుగుదల ఏటా 1,60,000 రూపాయలు. ఇరుక్కుపోయిన రొక్కం సగటున 11 లక్షలు. దీనికి నూటికి నెలకు రూపాయి వడ్డీ చొప్పున ఏడాదికి 1,32,000. బ్యాంకు అప్పు లేదు, సొంత డబ్బే కదా అని వడ్డీ వదిలేయడం తగదు. అదే సొమ్ము సీజనులో మిర్చి మీదో, పత్తి మీదో తిరిగి ఉంటే ఊరకే ఉండేది కాదు. లీటరుకు 15 కి.మీ. వస్తే వెయ్యి లీటర్లు, లీటరు 110 రూపాయల లెక్కన పెట్రోలు 1,10,000. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు కలిపి 50,000. మొత్తం 4,52,000. అంటే కిలోమీటరుకు ముప్పై రూపాయల పైచిలుకు. ఇందులో పెట్రోలు పావలా వంతు కూడా నిండలేదు.

అందరూ పట్టించుకునే ఆ మైలేజీ ఒక కిలోమీటరు హెచ్చి 16 అయిందనుకోండి. ఏడాదికి మిగిలేది 6,875 రూపాయలు. షోరూంలో గట్టిగా నిలబడి అడిగితే వచ్చే తగ్గింపు ఇంతకంటే పెద్దదే ఉంటుంది.

ఇదే పద్దు నాలుగు మీటర్ల లోపు సెడాన్‌కు వేద్దాం. మారుతి డిజైర్ వంటిది రోడ్డు మీదకు 9 లక్షలు, ఐదేళ్లకు సగం ధర, లీటరుకు 20 కి.మీ. అనుకుంటే తరుగుదల 90,000, వడ్డీ 81,000, పెట్రోలు 82,500, తక్కినవి 35,000. మొత్తం 2,88,500. కిలోమీటరుకు 19 రూపాయల పైన. పెద్ద కారుతో తేడా రమారమి 11 రూపాయలు. ఈ తేడాను పన్ను కూడా పెంచింది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సి.సి. మించని పెట్రోలు కార్లకు జి.ఎస్.టి. 18 శాతానికి దిగింది. పెద్ద సెడాన్లకు సెస్సుతో కలిపి 45 శాతం ఉన్నది 40 అయింది. రెండూ తగ్గాయన్న మాట నిజమే కాని, రెంటి మధ్య ఎడం 16 నుంచి 22కు పెరిగిందన్నది గమనించాలి.

ఆ పదకొండు రూపాయలకు దక్కేది ఏమిటి? మొదటిది డిక్కీ. వెర్నాకు 528 లీటర్లు, స్లావియా, వర్టస్‌లకు 521, సిటీకి 506, డిజైర్‌కు 382. పెళ్లికి కుటుంబమంతా బయలుదేరినప్పుడు ఈ తేడా తెలుస్తుంది. శాంపిలు సంచులు రెండు వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్లేవారికి అంతగా తెలియదు. రెండోది బలం. డిజైర్ ఇంజను 82 అశ్వశక్తి. స్లావియా, వర్టస్‌ల ఒక లీటరు టర్బో 115, ఒకటిన్నర లీటరు టర్బో 150, వెర్నా మామూలుది 115, టర్బో 160, సిటీ 121. మార్కాపురం నుంచి పొదిలి మీదుగా ఒంగోలు వెళ్లే చదును దారిలో 82 చాలు. గిద్దలూరు నుంచి దిగువమెట్ట దాటి నంద్యాల వైపు నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు, ఐదుగురు మనుషులు, ఏ.సి., ముందు నాపరాళ్ల లారీ ఉంటే మాత్రం చిన్న ఇంజను రొప్పుతుంది. మలుపుకూ మలుపుకూ మధ్య దొరికే జానెడు తిన్నని దారిలో లారీని దాటడానికి టర్బో బండ్లు అక్కరకు వస్తాయి. ఘాట్ దారి నెలకు నాలుగుసార్లు పడేవారికి ఇది విలాసం కాదని ఈ విలేఖరి అభిప్రాయం. ఏడాదికి రెండుసార్లు పడేవారు దీనికోసం 11 రూపాయలు కట్టనక్కర లేదు.

పలకల గనుల వైపు, తోటల వైపు తిరిగేవారు నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు చూడాలి. స్లావియా, వర్టస్‌లకు కంపెనీ చెప్పేది 179 మిల్లీమీటర్లు, సిటీకి 165. అంకెలో బెత్తెడు కూడా లేని తేడా కాని, గతుకుల బాటలో అడుగు రాపిడి తెలిసినవారికి అది చాలు. గనుల దుమ్ములో తిరిగే బండికి గాలి ఫిల్టరు పుస్తకంలో రాసిన గడువుకంటే ముందే మార్చాలి. భద్రతలో పెద్ద తేడా లేదు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో స్లావియా, వర్టస్, వెర్నాలతో పాటు 2024లో వచ్చిన డిజైర్‌కు కూడా ఐదు నక్షత్రాలు వచ్చాయి.

సర్వీసు దూరం ఎవరూ పద్దులో రాయరు. ఎంచుకున్న కంపెనీ షెడ్డు ఊళ్లో లేక ఒంగోలు వెళ్లవలసి వస్తే, రానూపోనూ రెండు వందల కిలోమీటర్లకు కొంచెం తక్కువ. పెట్రోలు 1,400 రూపాయలు, ఒక రోజు వ్యాపారం. హోండా, హ్యుండయ్‌లకు సర్వీసు 10,000 కి.మీ.కు లేదా ఏడాదికి, స్కోడా, వోక్స్‌వాగన్‌లకు 15,000కు లేదా ఏడాదికి. షెడ్డు దగ్గరున్న కంపెనీకి ఒక మార్కు ఎక్కువ వేయడం తప్పు కాదు.

మైలేజీ కంపెనీ చెప్పినంత రాదని అందరికీ తెలిసిందే. అయిదో వంతు తీసేసుకుని లెక్క వేయడం మేలు. దీనికి తోడు పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ ఉంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ గనుక, లీటరులో రమారమి 6, 7 శాతం శక్తి తగ్గినట్లే. మొక్కజొన్న వర్తకులు ఇథనాల్ గిరాకీ చూసి సంతోషించవచ్చు. ఆ సంతోషంలో కొంత బంకు దగ్గర తిరిగి చెల్లిస్తున్నారు.

హైబ్రిడ్ సంగతి చాలామంది అడుగుతున్నారు. 2022లో వచ్చిన హైబ్రిడ్ సిటీకి కంపెనీ చెప్పింది లీటరుకు 26.5 కి.మీ.; మామూలు ఆటోమేటిక్ సిటీకి 18.4. రెంటిలోనూ అయిదో వంతు తీస్తే 21.2, 14.7. కిలోమీటరుకు మిగిలేది 2 రూపాయల 29 పైసలు. కొటేషన్ల మధ్య తేడా మూడున్నర లక్షలైతే, అది తిరిగి రావడానికి లక్షన్నర కిలోమీటర్లు పైగా నడపాలి. ఏడాదికి 15,000 తిరిగేవారికి పదేళ్లు. నలభై వేలు తిరిగేవారికి నాలుగేళ్లు, వారు ఆలోచించవచ్చు. అయితే బ్యాటరీ చోటు తీసుకోవడం వల్ల హైబ్రిడ్ డిక్కీ 306 లీటర్లే. డిజైర్ కంటే తక్కువ.

ఇన్సూరెన్సులో చిన్న మెలిక ఉంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్ల ప్రకారం కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 1000 సి.సి. వరకు 6,521 రూపాయలు, 1000 నుంచి 1500 వరకు 10,640. 999 సి.సి. టర్బో బండ్లు మొదటి మెట్టులోకి వస్తాయి. మూడేళ్లకు నాలుగు వేలు. దీనికోసం బండి మార్చుకోవలసింది లేదు.

కారు బిల్లు దుకాణం పేరు మీద ఉంటే చాలు, జి.ఎస్.టి. వెనక్కు వస్తుందనుకునేవారు ఇంకా ఉన్నారు. రాదు. కార్లమ్మేవారికి, ప్రయాణికులను బాడుగకు తిప్పేవారికి, డ్రైవింగు స్కూళ్లకు తప్ప తక్కిన వర్తకులకు ఆ క్రెడిటు లేదు. ఆదాయపు పన్నులో మాత్రం వ్యాపారానికి వాడిన మేరకు ఏటా 15 శాతం తరుగుదల దొరుకుతుంది. కొన్న ఏడాది 180 రోజులకంటే తక్కువ వాడితే అందులో సగమే. కనుక దసరా అక్టోబరు మొదటి వారం దాటి వచ్చే ఏట, ముహూర్తం కోసం ఆగితే 15 లక్షల బండి మీద ఆ ఏటి తరుగుదల 2,25,000 కాక 1,12,500 అవుతుంది. తక్కినది తర్వాతి ఏళ్లలో వస్తుంది కాని, ఆ ఏడు పన్ను హెచ్చు కట్టాలి. ధర 10 లక్షలు మించితే డీలరు వసూలు చేసే ఒక శాతం టి.సి.ఎస్. మాత్రం రిటర్నులో సర్దుబాటు అవుతుంది. ఆ కాగితం పారేయరాదు.

అమ్మేటప్పుడు మరో లెక్క. జి.ఎస్.టి. రిజిస్ట్రేషను గల వర్తకుడు తరుగుదల చూపిన పాత కారు అమ్మితే, పుస్తక విలువ మీద వచ్చిన మిగులుకు 18 శాతం పన్ను. మన నమూనా బండి పుస్తక విలువ ఐదేళ్ల తర్వాత 6,65,600 చిల్లర. 7 లక్షలకు అమ్మితే మిగులు 34,400, పన్ను 6,200 దాకా. ఆరున్నర లక్షలకే పోతే మిగులు లేదు, పన్నూ లేదు.