మిషను కొనే ముందు లెక్క

సూర్యాపేటలో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. అత్తాకోడళ్ళు నడుపుతారు. ఒక్క రంగు మిషను ఉంది. దాని మీద బిల్లు బుక్కులు, కరపత్రాలు వేస్తారు. పెళ్ళి కార్డుల మీద పేర్లు వేస్తారు.

రంగుల పని వస్తే విజయవాడ పంపుతారు. లాభంలో ఎక్కువ భాగం అక్కడే పోతుంది.

"అత్తమ్మా, మనమే రంగుల మిషను కొందాం. బ్యాంకు అప్పు ఇస్తది" అంది కోడలు.

"ఇంటి కాగితాలు పెట్టమంటది బిడ్డా. కిస్తీ కట్టకపోతే ఇల్లు పోతది. ముందు లెక్క చూద్దాం" అంది అత్త.

ప్రెస్సు మన వైపు కొత్త కాదు. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. అదే ఏడు ఇనుగుర్తి అనే ఊరి నుంచి తెనుగు పత్రిక వచ్చింది. ఇనుగుర్తి ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఒద్దిరాజు సోదరులు ఆ ఊళ్ళోనే ప్రెస్సు పెట్టారు. అప్పుడు సీసం అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చేవారు. ఇప్పుడు ఆఫ్‌సెట్ మిషను వచ్చింది.

రంగులు ఎలా పడతాయి?

మిషనులో ఒక పలుచని రేకు ఉంటుంది. దాన్ని ప్లేటు అంటారు. ఇంకులో నూనె ఉంటుంది. నూనె, నీళ్ళు కలవవు కదా! బొమ్మ ఉన్న చోట ఇంకు అంటుతుంది. బొమ్మ లేని చోట నీళ్ళు ఉంటాయి. అక్కడ ఇంకు అంటదు. ప్లేటు మీది బొమ్మ ముందు రబ్బరు గుడ్డ మీద పడుతుంది. గుడ్డ నుంచి కాగితం మీద పడుతుంది.

రంగుల బొమ్మకు నాలుగు ఇంకులు కావాలి. నీలం, గులాబి, పసుపు, నలుపు. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ వస్తుంది. పసుపు మీద గులాబి పడితే ఎరుపు వస్తుంది. ఒక్కో ఇంకుకు ఒక్కో ప్లేటు కావాలి.

ఒక్క రంగు మిషనులో అయితే కాగితం నాలుగు సార్లు పోవాలి. రెండు రంగుల మిషనులో రెండు సార్లు పోవాలి. నాలుగు రంగుల మిషనులో ఒక్కసారి పోతే చాలు. కానీ దాని ధర చాలా ఎక్కువ.

ఏ పని వస్తుంది?

మిర్యాలగూడలో రైసు మిల్లులు చాలా ఉన్నాయి. బియ్యం సంచుల మీద రంగుల అచ్చు ఉంటుంది. ఆ పని మనకే వస్తుంది అనుకుంది కోడలు. మిర్యాలగూడ పోయి అడిగింది. ప్లాస్టిక్ సంచి ఈ మిషనులో పోదు. దానికి వేరే మిషను ఉంది. ఫ్లెక్సీలకూ వేరే మిషనే. మిల్లుల క్యాలెండర్లు, కరపత్రాలు మాత్రం దొరుకుతాయి.

యాభై కార్డులే కావాలంటే ఆఫ్‌సెట్ దండగ. నాలుగు ప్లేట్ల ఖర్చు యాభై కార్డుల మీదే పడుతుంది. వేయి కార్డులు అయితే ఆ ఖర్చు పంచుకుపోతుంది.

ఇద్దరూ పాత నోటు బుక్కు తీశారు. విజయవాడ పంపిన పనులు లెక్కపెట్టారు. సగటున నెలకు 18 ఉన్నాయి.

నాలుగు రంగుల మిషనుకు నెల ఖర్చు రాశారు. కిస్తీ 60,000. ఆపరేటరు జీతం 20,000. కరెంటు 10,000. మొత్తం 90,000 రూపాయలు. కాగితం, ఇంకు, ప్లేట్లు పోను ఒక పనికి 3,000 మిగులుతుంది. అంటే నెలకు 30 పనులు కావాలి. ఉన్నవి 18.

రెండు రంగుల పాత మిషనుకు కిస్తీ 15,000. జీతం 20,000. కరెంటు 5,000. మొత్తం 40,000. ఒక పనికి 2,500 మిగులుతుంది. 16 పనులు వస్తే ఖర్చు గట్టెక్కుతుంది.

"ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు. కిస్తీ ఆషాఢం చూడదు" అంది అత్త. మూడు కిస్తీల డబ్బు కూడబెట్టాకే కొందామని అనుకున్నారు.

కోదాడలో ఏం జరిగింది?

డబ్బు కూడింది. కోదాడలో ఒక పాత మిషను అమ్మకానికి ఉందని తెలిసింది. ఇద్దరూ పోయారు. అమ్మే ఆయన ముందే వేసిన కాగితం చూపించాడు. రంగులు మెరుస్తున్నాయి.

"ఇది కాదు నాయనా. మా ప్లేట్లు, మా కాగితం పెట్టి తిప్పు" అంది అత్త.

కాగితం మూలల్లో కూడిక గుర్తు లాంటి గీతలు ఉంటాయి. అన్ని రంగుల గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. మొదటి కాగితాల్లో సరిగ్గా పడ్డాయి. మూడు వందలు దాటాక నీలం గీత పక్కకు జరిగింది. బొమ్మలో ముఖం మసకబారింది. కాగితాన్ని పట్టే గ్రిప్పర్లు అరిగిపోయాయి.

"అది చిన్న పని. నేను చేయిస్తా. మీరు సంతకం పెట్టండమ్మా" అన్నాడు ఆయన.

కోడలు ఆ కాగితం మొత్తం చదివింది. చివర చిన్న అక్షరాలు ఉన్నాయి. "ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది" అని ఉంది. అంటే తరువాత ఏది పాడైనా ఆయనకు సంబంధం లేదు.

"ఈ మాట కొట్టేయండి. గ్రిప్పర్లు మార్చి ఇస్తానని రాయండి. మళ్ళీ తిప్పి చూశాకే డబ్బు ఇస్తాం" అంది కోడలు.

ఆయన కాసేపు గొణిగాడు. చివరికి రాసి ఇచ్చాడు. పది రోజులకు మళ్ళీ పోయి వేయి కాగితాలు తిప్పించారు. గీతలు కదలలేదు. అప్పుడు సంతకం పెట్టారు.

చెప్పండి

1. నాలుగు రంగుల మిషను ఎందుకు కొనలేదు?
2. కోడలు ఏ మాట కొట్టేయమంది? ఎందుకు?
3. మీరు చదవకుండా సంతకం, వేలిముద్ర పెట్టిన కాగితాలు ఏవైనా ఉన్నాయా?

లెక్క చేయండి

రెండు రంగుల మిషను మీద నెలకు 18 పనులు వస్తే ఖర్చు పోను ఎంత మిగులుతుంది? ఆషాఢంలో 10 పనులే వస్తే ఎంత తగ్గుతుంది?