మొదటి గిటార్ మాస్టారిని వెతుక్కోవడం ఎలా?

గిటార్ నేర్చుకోవాలని మనసు పడగానే చాలామంది ముందు కొట్టుకి వెళ్తారు. గిటార్ కొనుక్కొచ్చి, ఫోన్‌లో వీడియోలు చూస్తూ మొదలుపెడతారు. వేళ్లు నొప్పెడతాయి, తీగ బర్రుమంటుంది, తప్పెక్కడుందో చెప్పే మనిషి ఉండడు. కొన్నాళ్లకి గిటార్ బీరువా మీదికి ఎక్కుతుంది. ఈ వరస తిరగేయాలి. ముందు మాస్టారు, తర్వాతే గిటార్. వీడియో ఎంత బాగా చేసినా అది మీ చెయ్యి చూడలేదు. కొత్తగా నేర్చుకునేవారికి మొదటి మూడు నెలలు కావలసింది చెయ్యి చూసి దిద్దేవారే. అలాంటివారిని ఎలా వెతకాలో వరసగా చూద్దాం.

1. ఏం వాయించాలో తేల్చుకోండి

గిటార్‌లో ముఖ్యంగా మూడు దారులున్నాయి. పాట పాడుకుంటూ కార్డ్స్ (కలిసి మోగే స్వరాల గుంపులు) వాయించాలంటే ఉక్కు తీగల అకూస్టిక్ గిటార్ కావాలి. నొటేషన్ చదువుతూ, వేళ్లతో మీటుతూ వాయించేది నైలాన్ తీగల క్లాసికల్ గిటార్. రాక్ సంగీతం, లీడ్ వాయించడం ఇష్టమైతే ఎలక్ట్రిక్. మూడింటికీ ఆరు తీగలే, శృతీ మామూలుగా ఒకటే: మంద్రం నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. కానీ కుడిచేతి పని మూడింట్లో మూడు రకాలు. ఒకదాంట్లో ఆరితేరిన మాస్టారు రెండోది నేర్పగలరన్న భరోసా లేదు. కర్ణాటక రాగాలు గిటార్ మీద పలికించాలంటే అది వేరే సాధన. గమకం కోసం తీగని లాగడం, జార్చడం తెలిసిన గురువు కావాలి, అలాంటివారు తక్కువ.

మీరు వాయించాలనుకునే మూడు పాటల పేర్లు కాగితం మీద రాసుకోండి. ‘గిటార్ నేర్పుతారా?’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. ఈ పాటలు చూపించి అడిగితే మాస్టారికి మీ దారి తెలుస్తుంది, మీకు ఆయన దారి తెలుస్తుంది.

2. పేర్లు సేకరించండి

మొదట వాద్యాల దుకాణానికి వెళ్లండి. కొనడానికి కాదు, అడగడానికి. అక్కడ తీగలు మార్చి, రిపేర్లు చేసే మనిషికి ఊళ్లో ఎవరు నేర్పుతున్నారో, ఎవరి శిష్యులు తరచూ వస్తున్నారో తెలుస్తుంది.

రెండోది చర్చి. విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం, సికింద్రాబాద్ లాంటి చోట్ల ఆదివారం ఆరాధనలో గిటార్ వాయించేవారు ఎంతోమంది. సికింద్రాబాద్‌లో లాలాగూడ రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో పాశ్చాత్య వాద్యాలు తరాలుగా ఉన్నాయి. ఏ మతం వారైనా వెళ్లి అడగవచ్చు, ఆప్యాయంగానే చెప్తారు. పెళ్లిళ్లలో, సభల్లో వాయించే ఆర్కెస్ట్రా కళాకారులు, పిల్లల స్కూల్లో మ్యూజిక్ టీచరు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు కూడా పనికొస్తాయి.

అడిగేటప్పుడు ‘ఎవరు బాగా వాయిస్తారు?’ అనకండి. ‘ఎవరి దగ్గర పిల్లలు మానేయకుండా ఏడాదిగా వెళ్తున్నారు?’ అని అడగండి. ఈ రెండు ప్రశ్నలకీ వచ్చే పేర్లు చాలాసార్లు వేరుగా ఉంటాయి. రెండు మూడు పేర్లు చేతికి వస్తే చాలు.

3. ఫోన్‌లో ఈ ఐదు సంగతులు అడగండి

అసలు ఏమీ రానివారికి నేర్పుతారా? ఒక్కరికే చెప్తారా, బ్యాచ్‌లోనా? బ్యాచ్ అయితే ఎంతమంది? మీ ఇంటికొస్తారా, వాళ్లింటికి వెళ్లాలా? ముందొక డెమో క్లాసు ఇస్తారా, దానికి ఫీజుందా? పది నిమిషాలు ఓపిగ్గా మాట్లాడేవారైతే క్లాసులోనూ ఓపిక ఉంటుందని ఆశించవచ్చు. ‘మూడు నెలల్లో స్టేజీ ఎక్కిస్తాను’ అనేవారి పేరు అక్కడికక్కడే కొట్టేయండి.

పరీక్షలు రాయించాలనుకుంటే ఆ సంగతీ అడగండి. మన దగ్గర ఎక్కువగా వినిపించేవి ట్రినిటీ కాలేజ్ లండన్, రాక్‌స్కూల్ గ్రేడ్లు. రెండింట్లోనూ ప్రవేశ స్థాయి తర్వాత ఎనిమిది గ్రేడ్లుంటాయి. ట్రినిటీలో క్లాసికల్ గిటార్‌కు ఒక సిలబస్, రాక్ అండ్ పాప్‌కు వేరొకటి. ఇళయరాజా మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుని, ట్రినిటీ వారి క్లాసికల్ గిటార్ కోర్సు చేసినవారే. గ్రేడు మంచిదే, క్రమశిక్షణ నేర్పుతుంది. కానీ మొదటి రోజు నుంచే పరీక్ష పేరుతో తోలితే పిల్లలకి వాద్యం మీద ప్రేమ పుట్టకముందే భయం పుడుతుంది. ఆరేడు నెలలు గడిచాక నిర్ణయించుకోవచ్చు.

4. డెమో క్లాసులో మాస్టారి కళ్లు చూడండి

అసలు పరీక్ష ఇదే, ఇక్కడ తొందరపడకండి. కనీసం ఇద్దరి దగ్గర డెమో తీసుకోండి.

మంచి మాస్టారు గిటార్ చేతికి తీసుకోగానే ముందు శృతి చేస్తారు, ఎలా చేస్తున్నారో మీకూ చూపిస్తారు. తర్వాత మిమ్మల్ని కూర్చోబెట్టే తీరు గమనించండి. కుర్చీకి చేతులు లేకుండా చూస్తారు, వీపు నిటారుగా ఉండమంటారు, గిటార్ ఒళ్లో ఎక్కడ ఆనాలో చెప్తారు. ఎడమచేతి బొటనవేలు మెడ వెనక ఉందా, వేలికొన ఫ్రెట్ గీతకి (మెడ మీది లోహపు గీత) దగ్గరగా, కాస్త వెనక్కి పడుతోందా అని చూస్తారు. వేలు గీతకి దూరమైతే తీగ బర్రుమంటుంది, దాన్ని ఆపడానికి మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, చెయ్యి నొప్పెడుతుంది. వేలు కాస్త జరిపితే తీరిపోయే బాధ ఇది.

మొదటి కార్డ్‌గా చాలామంది ఇ మైనర్ పట్టిస్తారు, రెండు వేళ్లతో అయిపోతుంది కాబట్టి. పట్టించాక ఏం చేస్తారన్నది ముఖ్యం. ఆరు తీగల్నీ కలిపి ఒక్కసారి మీటించి ‘వెరీ గుడ్’ అనేవారు కొందరు. ఒక్కో తీగనీ విడిగా మీటించి, ఏది మోగుతోందో ఏది మూగబోయిందో మీ చేతే చెప్పించేవారు కొందరు. సి కార్డ్ దగ్గర ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. రెండో తీగ మీదున్న చూపుడువేలు కొద్దిగా వాలినా పక్కనున్న మొదటి తీగ పలకదు. మీరు తప్పు చేశారనకుండా, ఆ వేలిని కొన మీద నిలబెట్టి ‘ఇప్పుడు వినండి’ అనే మాస్టారు దొరికితే మీ వెతుకులాట సగం ముగిసినట్టే.

డెమోలో మాస్టారు తన ప్రతిభ చూపిస్తూ గబగబా వాయిస్తే సంతోషంగా వినండి, కానీ దాన్ని బట్టి నిర్ణయించకండి. గంటలో ఎంతసేపు ఆయన వాయించారు, ఎంతసేపు మీ చేత వాయింపించారు అని చూసుకోండి. బాగా వాయించడం వేరు, బాగా నేర్పడం వేరు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌కి కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు వాద్యం మీద పలికించేవాడు. గిటార్‌లో చేతివాటం తెలిసిన మాస్టారే కావాలి, అందులో సందేహం లేదు. అయినా శిష్యుడు వాయించేది చెవొగ్గి వినడమే గురువుకి మొదటి అర్హత.

ఎడమచేతివాటం వారైతే ఇక్కడే అడగండి. తీగల వరస మార్చి ఎడమచేతి గిటార్ మీద నేర్పేవారున్నారు, మామూలు గిటార్ మీదే నేర్పేవారున్నారు. ఏ దారైనా మొదట్లోనే ఎంచుకోవాలి, మధ్యలో మారడం కష్టం.

5. గిటార్ ఇప్పుడు కొనండి

వీలైతే మాస్టారినే వెంట తీసుకెళ్లండి. తీగకి, మెడకి మధ్య ఎత్తు ఎక్కువగా ఉంటే కొత్తవారి వేళ్లు తట్టుకోలేవు. ఆయన నాలుగు ఫ్రెట్లు నొక్కి చూసి చెప్పేస్తారు. ఇంట్లో ముందే గిటార్ ఉంటే డెమోకి పట్టుకెళ్లి చూపించండి, ఎత్తు తగ్గించే వీలుండవచ్చు. చిన్నపిల్లలకి ముప్పావు సైజు, ఇంకా చిన్నవారికి సగం సైజు దొరుకుతాయి. నైలాన్ తీగలు లేత వేళ్లకి మెత్తగా ఉంటాయి. గిటార్‌తో పాటు ట్యూనర్, తీగలు మీటే ప్లెక్ట్రమ్‌లు రెండు మూడు చాలు.

6. మాట ముందే అనుకోండి

డబ్బు గురించి అడగడానికి మొహమాటపడకండి. క్లాసు ముప్పావు గంటా, గంటా? నెలకి ఎన్ని క్లాసులు? మాస్టారు రాలేకపోతే ఆ క్లాసు మళ్లీ చెప్తారా? మీరు మానేస్తే సంగతేంటి? పరీక్షల సెలవుల్లో ఫీజు కట్టాలా? ఇవన్నీ వాట్సాప్‌లో రాసి పెట్టుకుంటే ఇద్దరికీ మంచిది. ఏడాది ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నా కట్టకండి, నెల నెలా ఇవ్వండి. ఇచ్చే రోజు మాత్రం తప్పకండి. చాలామంది మాస్టార్లకి అదే జీవనం.

పిల్లల క్లాసైతే ఎవరి ఇంట్లో జరిగినా గది తలుపు తీసే ఉండాలి, పెద్దవారొకరు దగ్గర్లో ఉండాలి. మంచి మాస్టారు ఈ మాటకి నొచ్చుకోరు, చాలామంది వాళ్లే ముందు చెప్తారు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి మాస్టారి దగ్గర ఆన్‌లైన్‌లో నేర్చుకునేవారు కెమెరా ముఖానికి కాకుండా ఎడమచేతి వైపు తిప్పండి. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. ఒకరు వాయిస్తే ఒకరు వినాలి. మొదటి నెలైనా ఎదురుగా కూర్చుని నేర్చుకునే వీలుంటే అదే మేలు.

7. మూడు నెలలకి లెక్క చూసుకోండి

రోజూ ఇరవై నిమిషాలు సాధన చేసిన మనిషికి మూడు నెలల్లో గిటార్ తనంతట తాను శృతి చేసుకోవడం రావాలి. జి, సి, డి, ఇ మైనర్, ఎ మైనర్ కార్డ్స్ చూడకుండా పట్టుకోగలగాలి. మెట్రోనోమ్‌ని నిమిషానికి అరవై దెబ్బల మీద పెట్టుకుని తాళం తప్పకుండా కార్డ్ మార్చగలగాలి. ఒక తేలికపాటి పాట మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వాయించగలగాలి. చూపుడువేలితో తీగలన్నీ నొక్కే ఎఫ్ కార్డ్ ఇంకా రాకపోతే దిగులొద్దు, అది అందరికీ ఆలస్యంగానే వస్తుంది.

సాధన చేసినా ఇవేవీ రాలేదంటే, క్లాసంతా ఫోన్ చూసుకునే మాస్టారైతే, పోయిన వారం ఏం చెప్పారో ఆయనకే గుర్తులేకపోతే, మారండి. ఆ నెల ఫీజు పూర్తిగా ఇచ్చి, కృతజ్ఞత చెప్పి, మర్యాదగా సెలవు తీసుకోండి. సాధన చేయకుండా మాస్టారిని మార్చడం వల్ల మాత్రం ఉపయోగం లేదు.

గిటార్ నేర్చుకోవడానికి వయసు దాటిపోవడమంటూ లేదు. ఈ ఆదివారం ఆ మూడు పాటల పేర్లు రాసుకుని, దగ్గర్లోని వాద్యాల దుకాణానికి వెళ్లి ఒక్క పేరు అడగండి. చెవొగ్గి వినే మాస్టారు మీ ఊళ్లోనూ ఉంటారు. దొరికాక వదులుకోకండి.